పాశుపతం ఉండగా పద్దెనిమిది రోజులెందుకు?

గత సంవత్సరం శరన్నవరాత్రులలో మా మనుమడిని వెంటబెట్టుకొని అమ్మవారి దర్శనానికి వెళ్ళాను. వాడు ఆరవ తరగతి చదువుతున్నాడు. క్యూలో నిలబడినంతసేపూ చిన్న నోటు పుస్తకంలో ఏదో వ్రాసుకుంటూనే ఉన్నాడు. ఏమిటా అని తీసి చూస్తే అది కురుక్షేత్ర సైన్యాల పట్టిక. ఒక ప్రక్క పాండవులు, ఒక ప్రక్క కౌరవులు. వారి రథాలు, ధ్వజాలు, శంఖాలు, ధనుస్సులు, అస్త్రాలు. ఒక్కొక్క అస్త్రానికి నూటికి ఇన్ని అని మార్కులు కూడా వేశాడు. ఆగ్నేయాస్త్రానికి అరవై, నాగాస్త్రానికి డెబ్బై, బ్రహ్మాస్త్రానికి తొంభై అయిదు. నూటికి నూరు వచ్చినది పాశుపతం ఒక్కటే.

దర్శనం ముగించుకొని కొండ దిగి అర్జున వీధిలో నడుస్తుండగా వాడు నన్ను అడిగాడు: “తాతయ్యా, అర్జునుడి దగ్గర పాశుపతం ఉంది కదా! మొదటి రోజే వేసేస్తే అయిపోయేది. మరి యుద్ధం పద్దెనిమిది రోజులెందుకు జరిగింది?”

ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు బోధించిన నాకు చప్పున సమాధానం తోచలేదు. ఇంటికి వెళ్ళాక చెబుతానని తప్పించుకున్నాను. ఆ రాత్రి భారతం ముందుంచుకొని కూర్చున్న తరువాత తెలిసినదేమంటే, ఆ ప్రశ్న మా వాడికంటె ముందు ధర్మరాజుకే కలిగింది. అర్జునుడు దానికి సమాధానం కూడా చెప్పాడు. ఆ సమాధానాన్ని పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

చతురంగ బలాలు

ముందుగా సైన్యం సంగతి. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాలు కలది కనుక సైన్యానికి చతురంగ బలమని పేరు. మనం ఇంట్లో ఆడుకొనే చదరంగానికి పేరు వచ్చింది ఇందులో నుంచే. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాలిబంట్లు కలిస్తే ఒక పత్తి. మూడు పత్తులు ఒక సేనాముఖం. అక్కడి నుంచి మూడేసి రెట్లు పెరుగుతూ గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని అవుతాయి. పది అనీకినులు ఒక అక్షౌహిణి.

ఈ లెక్కన ఒక అక్షౌహిణిలో 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాలిబంట్లు ఉంటారు. అన్నీ కలిపితే 2,18,700. కౌరవులకు పదకొండు, పాండవులకు ఏడు, వెరసి పద్దెనిమిది అక్షౌహిణులు కురుక్షేత్రంలో మోహరించాయి. అంటే 39,36,600. యుద్ధం ముగిసిన తరువాత వీరిలో మిగిలినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారే. మా మనుమడు ఈ అంకెలన్నీ ఉత్సాహంగా వ్రాసుకున్నాడు కాని, ఈ చివరి మాట వద్ద వాడి పెన్సిలు కాసేపు ఆగింది.

శస్త్రం వేరు, అస్త్రం వేరు

వాడుకలో మనం రెండింటినీ కలిపి అస్త్రశస్త్రాలు అంటాము. చేత ధరించి కొట్టే కత్తి, గద వంటివి శస్త్రాలు. మంత్రంతో అభిమంత్రించి విడిచేది అస్త్రం. అది బాణమే కానక్కరలేదు. మంత్రబలం ఉంటే గడ్డిపోచ అయినా చాలు. విడిచే విధానాన్ని బట్టి ఆయుధాలను మరొక విధంగానూ విభజించారు. చక్రం వలె విసిరేవి ముక్తాలు. ఖడ్గం వలె చేతిని వీడనివి అముక్తాలు. రెండు విధాలా ఉపయోగపడేవి ముక్తాముక్తాలు. వింటి నుంచి వెలువడే బాణం వంటివి యంత్రముక్తాలు.

అస్త్రవిద్యకు రెండు భాగాలున్నాయి. మొదటిది ప్రయోగం, రెండవది ఉపసంహారం. విడవడం ఎంత విద్యయో, విడిచినదానిని మరలించడం అంతకు మించిన విద్య. ప్రయోగం నేర్చి ఉపసంహారం నేర్వనివాని విద్య సగం విద్యయే. ఈ మాటను గుర్తుంచుకొని ముందుకు సాగుదాము.

ఇంద్రకీలాద్రిపై వరం

వ్యాసమహర్షి ఉపదేశించిన ప్రతిస్మృతి అనే విద్యను ధర్మరాజు వలన గ్రహించి అర్జునుడు తపస్సుకు బయలుదేరాడు. వ్యాసభారతం ఆ తపోభూమిని హిమవత్పర్వత ప్రాంతంలో చెబుతుంది. ఇంద్రకీలమనే పేరు అక్కడా వినవస్తుంది. కృష్ణాతీరంలోని మన కొండయే ఆ ఇంద్రకీలమని, విజయుడు తపస్సు చేసినందువల్లనే ఇది విజయవాటిక అయిందని మన స్థలపురాణం. కిరాతార్జునుల కథను చెక్కిన పురాతన శిలాస్తంభం ఇక్కడ ఉండడాన్ని బట్టి ఈ విశ్వాసం నేటిది కాదని తెలుస్తున్నది. ఆంధ్ర మహాభారతంలో ఈ ఘట్టం నన్నయ భట్టారకుడు తెనిగించిన భాగంలోనే ఉన్నది.

కథ అందరికీ తెలిసినదే. మూకాసురుడు పంది రూపంలో వచ్చాడు. అర్జునుని బాణం, కిరాతుని బాణం ఒక్కసారే దానిని తాకాయి. ఎవరిది వేట అనే వాదం యుద్ధమయింది. ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. పాశుపతం లభించక ముందు అర్జునుడు తన ఆయుధాలన్నింటినీ ఒకటొకటిగా కోల్పోయాడు. అక్షయ తూణీరాలు ఖాళీ అయ్యాయి. వింటికొప్పుతో కొట్టబోతే కిరాతుడు విల్లు లాగుకున్నాడు. ఖడ్గం ఆయన శిరస్సుపై పడి విరిగిపోయింది. చెట్లు, రాళ్ళు, చివరకు పిడికిళ్ళు కూడా ఓడిపోయాయి. అప్పుడు మట్టితో శివుని రూపొందించి పూలదండ సమర్పించాడు. ఆ దండ కిరాతుని శిరస్సుపై కనిపించింది. చేతిలో ఏమీ మిగలని ఆ క్షణంలోనే మహాస్త్రం లభించింది.

పరమశివుడు అస్త్రాన్ని అనుగ్రహిస్తూ రెండు సంగతులు చెప్పాడు. దీనిని నాలుగు విధాల ప్రయోగించవచ్చు: మనస్సుతో, చూపుతో, మాటతో, వింటితో. తొందరపడి మనుష్యునిపై విడవరాదు. అల్పబలునిపై విడిస్తే ఇది జగత్తునంతటినీ దహిస్తుంది. అస్త్రమూ నిషేధమూ ఒకే నోట వెలువడ్డాయి.

చూపిస్తానంటే వద్దన్నారు

అర్జునుడు స్వర్గంలో అయిదేళ్ళు గడిపి, దివ్యాస్త్రాలన్నీ నేర్చి సోదరులను చేరుకున్నాడు. ఆ అస్త్రాలను చూడాలని ధర్మరాజు ముచ్చటపడ్డాడు. మరునాటి ఉదయం అర్జునుడు శుచియై వాటిని ప్రదర్శింపబూనగానే భూమి కంపించింది, నదులు కలత చెందాయి. వెంటనే నారదుడు వచ్చి వారించాడు. లక్ష్యం లేకుండా దివ్యాస్త్రాన్ని విడవరాదు. లక్ష్యం ఉన్నా ఆపద ముంచుకువస్తే తప్ప విడవరాదు అని ఆయన హితవు. అన్న కోరినా, చూడాలన్న ఉబలాటం నిర్దోషమైనదే అయినా, అస్త్రం వేడుక వస్తువు కాలేదు.

ధర్మరాజు అడిగిన ప్రశ్న

ఇక మన ప్రశ్నకు వద్దాము. యుద్ధారంభానికి ముందు దుర్యోధనుడు తన వీరులను ఒక్కొక్కరినే అడిగాడు: పాండవసేనను ఎన్నాళ్ళలో తుదముట్టించగలరు అని. భీష్ముడు ఒక నెల అన్నాడు. ద్రోణుడూ అంతే అన్నాడు. కృపుడు రెండు నెలలు, అశ్వత్థామ పది రోజులు, కర్ణుడు అయిదు రోజులు అన్నారు. చారుల వలన ఈ సంగతి విన్న ధర్మరాజు, మరి నీకెన్నాళ్ళు పడుతుందని అర్జునుని అడిగాడు.

అర్జునుడు చెప్పినది ఒక నిమిషం. శివుడిచ్చిన అస్త్రం తన వద్ద ఉన్నదని, కృష్ణుడు తోడుండగా ముల్లోకాలనైనా రెప్పపాటులో రూపుమాపగలనని అన్నాడు. ఆ వెంటనే మరొక మాట కూడా చెప్పాడు. దివ్యాస్త్రాలతో సామాన్యజనాన్ని రణంలో చంపడం యుక్తం కాదు. ఋజువైన యుద్ధంతోనే గెలుద్దాము అని.

పద్దెనిమిది రోజులెందుకన్న దానికి సమాధానం ఇదే. ఎదుటి సైన్యంలో భీష్మద్రోణులు మాత్రమే లేరు. అక్షౌహిణికి 1,09,350 మంది చొప్పున కాలిబంట్లు ఉన్నారు. వారికి ఏ అస్త్రమూ తెలియదు. అర్జునుడు చేయగలిగినదానిని చేయకుండా ఉండడం వారి కోసమే. ఈ యుద్ధంలో ధర్మం తప్పిన ఘట్టాలు రెండు వైపులా ఉన్నాయి. భారతం వాటిని దాచదు. అంతటి ఘోరంలోనూ ఈ మాట నిలిచి ఉన్నందుననే మనం దానిని ఇంకా చదువుకుంటున్నాము.

సగం విద్య నేర్చినవాడు

దీనికి ఎదురుగా అశ్వత్థామ కథ ఉన్నది. కుమారుడు పట్టుబట్టగా ద్రోణుడు మనసొప్పకయే బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ఉపదేశించి, మనుష్యులపై విడవవద్దని ఆజ్ఞాపించాడు. యుద్ధం ముగిశాక అశ్వత్థామ క్రోధంతో గడ్డిపోచను అభిమంత్రించి దానినే విడిచాడు. అర్జునుడు కూడా ప్రత్యస్త్రం విడిచాడు. రెండింటి నడుమ వ్యాసనారదులు నిలిచి ఇద్దరినీ మరలించుకొమ్మన్నారు. అర్జునుడు మరలించాడు. అశ్వత్థామ మరలించలేకపోయాడు; దానిని గర్భస్థ శిశువుపైకి మళ్ళించాడు. ఆ శిశువును శ్రీకృష్ణుడు బ్రతికించాడు. ఆయనే పరీక్షిత్తు.

బ్రహ్మశిరస్సును మరొక మహాస్త్రంతో అడ్డగించిన చోట పన్నెండేళ్ళు వాన కురవదని ఆ సందర్భంలోనే చెప్పబడింది. వానలు లేకపోతే ఏమవుతుందో మన ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1832-33లో వచ్చిన నందననామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను శ్మశానం చేసింది. ఆ తరువాతనే, 1855 నాటికి, ఇంద్రకీలాద్రి పాదాల చెంత కృష్ణకు ఆనకట్ట కట్టారు. యుద్ధంతో సంబంధం లేని రైతు ఇంటి గాదె కూడా అస్త్రం వలన ఖాళీ అవుతుందన్న సంగతిని మన పెద్దలు ఒక్క మాటలో చెప్పి ఉంచారు.

రథం, సారథి

మా వాడి పట్టికలో అర్జునుని రథానికీ నూరు మార్కులే. ఖాండవదహన సమయంలో అగ్నిదేవుడు సమకూర్చిన రథం అది. తెల్లని గుర్రాలు, ధ్వజంపై కపిరాజు. శ్వేతవాహనుడు, కపిధ్వజుడు అని అర్జునునికి పేర్లు వచ్చింది దాని వల్లనే. దుర్యోధనుడు నారాయణ సేనను కోరుకొంటే, అర్జునుడు ఆయుధం పట్టనని చెప్పిన కృష్ణుని కోరుకొని ఆ రథంపై కూర్చుండబెట్టుకున్నాడు.

సైంధవ వధ జరిగిన రోజున మిట్టమధ్యాహ్నం యుద్ధరంగం నడుమనే కృష్ణుడు గుర్రాలను విప్పి, వాటి ఒంటిలో దిగిన బాణాలను తీసి, నీరు పెట్టాడు. యుద్ధం ముగిసిన నాడు అర్జునుని ముందు దిగమని, తరువాత తాను దిగాడు. ఆయన దిగగానే రథం భగ్గున మండి బూడిద అయింది. ద్రోణకర్ణుల అస్త్రాలకు అది ఎప్పుడో కాలిపోయిందని, తాను కూర్చుని ఉన్నందున నిలిచిందని అప్పుడు చెప్పాడు.

నా చేతిలోని అస్త్రం

ఇంతవరకు పురాణం. ఇక నా మాట ఒకటి చెప్పాలి. పాశుపతాన్ని ప్రయోగించే నాలుగు విధాలలో విల్లు మన దగ్గర లేదు. మనస్సు, చూపు, మాట మూడూ ఉన్నాయి.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక పిల్లవాడు తరచు ఆలస్యంగా బడికి వచ్చేవాడు. తండ్రితో పాటు బస్తాలు మోసి వస్తున్నాడని నాకు తెలియదు, అడగనూ లేదు. ఒకరోజు తరగతి అందరి ముందు, “నువ్వు బండి తోలుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు” అన్నాను. పిల్లలందరూ నవ్వారు. మరునాటి నుంచి వాడు బడికి రాలేదు. వాడి ఇంటికి వెళ్ళి పిలుచుకు రావాలని పలుమార్లు అనుకున్నాను, వెళ్ళలేదు.

చాలా ఏళ్ళ తరువాత ఒక మహర్నవమి నాడు ఆటోనగర్‌లో బంధువుల షెడ్డులో ఆయుధపూజకు వెళ్ళాను. పసుపు కుంకుమలు పెట్టిన లారీలు, బంతిపూల దండలు, చక్రాల క్రింద నిమ్మకాయలు. ఒక లారీ యజమాని వచ్చి నా కాళ్ళకు నమస్కరించాడు. వాడే. ఆ లారీ వాడిదే, నడిపేదీ వాడే. ఆ రోజు నేనన్న మాట తప్పు నాయనా అన్నాను. “ఏం లేదులెండి మాస్టారూ. మళ్ళీ బళ్ళోకి రావాలనిపించలేదు, అంతే” అన్నాడు. నా చేత కొబ్బరికాయ కొట్టించాడు. విడిచిన మాట ఎక్కడ తగలాలో అక్కడ ఎప్పుడో తగిలింది. ఉపసంహారం నాకు తెలియలేదు. పైగా, నేను తిట్టుగా వాడిన ఆ పని కురుక్షేత్రంలో భగవంతుడు కోరి చేసిన పని.

ఈ కథ కూడా మా మనుమడికి దాచకుండా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత తన పట్టికలో మార్కుల ప్రక్కన మరొక గడి గీసి, పైన “వెనక్కి తీసుకోవచ్చా?” అని వ్రాసుకున్నాడు.

మహిషాసుర సంహారానికై దేవతలందరూ తమ తమ ఆయుధాలను జగన్మాతకు సమర్పించారు. శివుడు శూలం, విష్ణువు చక్రం, ఇంద్రుడు వజ్రం, వాయువు ధనుస్సు ఇచ్చారు. హిమవంతుడు సింహాన్ని వాహనంగా ఇచ్చాడు. ఆయుధపూజ నాడు మనం చేయవలసినదీ అదే. మన పనిముట్టును, మన వాహనాన్ని, వాటితో పాటు మన మాటను కూడా అమ్మ పాదాల వద్ద ఉంచి, ఆమె అనుమతితో తిరిగి తీసుకోవాలి. మన మనస్సు, చూపు, వాక్కు ఎవరినీ నొప్పించకుండునట్లు కనకదుర్గమ్మ మనలనందరినీ అనుగ్రహించుగాక!