గీత నుంచి ఘనరూపానికి: క్యాడ్ ఎదిగిన తీరు

యంత్రభాగాలు, భవనాలు, వాహనాలు మొదలైనవాటిని కంప్యూటరు సహాయంతో రూపకల్పన చేసే పద్ధతిని క్లుప్తంగా క్యాడ్ అంటారు. దీని చరిత్రను డ్రాయింగ్ బోర్డు, టీ-స్క్వేర్ పోయి తెర, మౌస్ వచ్చిన కథగా చెప్పడం పరిపాటి అయినా, అది పైకి కనిపించే మార్పు మాత్రమే. వేసిన బొమ్మను గురించి కంప్యూటరుకు ఎంత తెలుసు అన్న ప్రశ్నను పట్టుకుని చూసినప్పుడే ఈ సాఫ్ట్‌వేర్ ముందుకు సాగిన తీరుతోపాటు, మధ్యలో ఒకచోట వెనక్కి నడిచిన తీరు కూడా తెలుస్తుంది.

1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎం.ఐ.టి.కి డాక్టరేటు పరిశోధనగా సమర్పించిన స్కెచ్‌ప్యాడ్, లింకన్ లేబొరేటరీలోని టీఎక్స్-2 అనే కంప్యూటరు మీద నడిచేది. తెర మీది వెలుగును పసిగట్టే లైట్ పెన్‌తో దానిలో గీతలు గీసేవారు. అయితే దాని అసలు గొప్పతనం గీయడంలో లేదు. వంకరటింకరగా నాలుగు గీతలు గీసి, వీటిలో ఇవి సమాంతరం, ఇవి లంబం అని చెబితే, ఆ నిబంధనలన్నీ నెరవేరేలా కంప్యూటరే లెక్కకట్టి బొమ్మను సరిదిద్దేది. ఒక మూలచిత్రం నుంచి ఎన్నో ప్రతులు తీసుకున్న తరవాత మూలాన్ని మారిస్తే ప్రతులన్నీ వాటంతటవే మారేవి. అంటే ఆ యంత్రానికి గీతలు మాత్రమే కాక, వాటి మధ్య ఉన్న సంబంధాలు కూడా తెలుసు.

సరళరేఖ సంగతి అలా తేలినా, కారు బాడీ వంటి వంపుల సంగతి మిగిలే ఉంది. ఓడలు కట్టేవారు సన్నని చెక్కబద్దను వంచి, బరువులతో నిలబెట్టి, దాని అంచు వెంట వక్రాన్ని గీసేవారు. ఆ వంపును అంకెల్లో చెప్పడం మాత్రం కష్టం. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీకి చెందిన పాల్ ద కాస్తెల్జో 1959లోనే దీనికి మార్గం కనిపెట్టాడు. కొన్ని నియంత్రణ బిందువులను ఎంచుకుంటే, వక్రం మొదటి బిందువు దగ్గర మొదలై, నడిమి బిందువుల వైపు ఒంగుతూ చివరి బిందువును చేరుతుంది; ఏ బిందువును జరిపినా వంపు దాన్నిబట్టి మారుతుంది. సిట్రోయెన్ దీన్ని రహస్యంగా దాచుకోగా, రెనోలో అదే ఫలితానికి వేరే దారిలో చేరిన పియెర్ బెజియే దాన్ని ప్రచురించాడు. అందుకే అవి నేటికీ బెజియే వక్రాలుగానే చలామణీ అవుతున్నాయి. గోప్యతకు ఇంతకన్నా పెద్ద మూల్యం ఉండదేమో.

అంచుల గీతలతో మాత్రమే గీసిన పెట్టెను చూసి, లోహం ఎటువైపు ఉందో, ఖాళీ ఎటువైపు ఉందో కంప్యూటరు చెప్పలేదు. 1970లలో కేంబ్రిడ్జిలో ఇయాన్ బ్రెయిడ్ ప్రభృతులు ముఖాలను, అంచులను, శీర్షాలను, అవి ఒకదానితో ఒకటి కలిసే క్రమాన్ని నమోదుచేసి ఈ లోటు తీర్చారు. లోపల ఏది, బయట ఏది అన్నది తేలడంతో ఘనపరిమాణం, బరువు లెక్కించడం, రెండు భాగాలు ఒకే చోటును ఆక్రమిస్తున్నాయేమో పరీక్షించడం సాధ్యమయ్యాయి. 1994లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 777ను, ఫ్రాన్స్‌కు చెందిన కాటియా సాఫ్ట్‌వేర్‌లో భాగాలను ముందుగానే కూర్చి చూసుకుంటూ రూపొందించారు.

ఇవన్నీ ఖరీదైన పెద్ద కంప్యూటర్లున్న సంస్థలకే అందిన సౌకర్యాలు. మైకేల్ రిడిల్ రాసిన ఒక ప్రోగ్రాం ఆధారంగా జాన్ వాకర్ బృందం 1982లో విడుదల చేసిన ఆటోక్యాడ్, చిన్న కంప్యూటరు మీద నడిచి, చిన్నచిన్న కార్యాలయాలకూ చేరింది. మన పాలిటెక్నిక్ విద్యార్థుల్లో చాలామందికి నేటికీ క్యాడ్ అంటే ముందు గుర్తొచ్చేది అదే. అయినా తొలినాటి ఆటోక్యాడ్‌కు గీత అంటే రెండు కొసల స్థానాలే తప్ప, పక్క గీతతో దానికున్న సంబంధం తెలియదు. ఆ విధంగా అది స్కెచ్‌ప్యాడ్ కంటే వెనకబడినదే. గీతల మధ్య నిబంధనలు పెట్టే సౌకర్యం దానికి 2010 వెర్షన్‌తో గాని రాలేదు.

సంబంధాలను మళ్లీ ముందుకు తెచ్చి, మార్కెట్లో నిలబెట్టినవాడు సోవియట్ యూనియన్ నుంచి వలసవచ్చిన శామ్యూల్ గైస్‌బర్గ్. అతడు 1985లో స్థాపించిన పీటీసీ కంపెనీ తయారుచేసిన ప్రో-ఇంజినీర్‌లో, రంధ్రం రంధ్రంగానే గుర్తుండేది: పలక నడుమ ఉండాలని చెప్పి ఉంటే, పలక వెడల్పు పెంచినా అది నడిమికే జరిగేది. ప్రతి పనీ వరసగా నమోదయ్యే ఈ పద్ధతిలో, తొలి మెట్టును ఏమరుపాటుగా మారిస్తే తరవాతి మెట్లన్నీ తప్పే ప్రమాదమూ ఉంది.

ఒక సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది మరొకదానికి తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం 2006లో ఎయిర్‌బస్ ఎ380 విషయంలో బయటపడింది. జర్మనీ, ఫ్రాన్స్ బృందాలు కాటియాలోనే వేర్వేరు వెర్షన్లు వాడడం ఒక ముఖ్య కారణంగా, హాంబర్గ్‌లో తయారైన విద్యుత్ తీగలు తులూజ్‌లో విమానానికి సరిగా అమరక, విమానాల అప్పగింత ఆలస్యమైంది. సాఫ్ట్‌వేర్ల మధ్య మార్పిడి కోసం స్టెప్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నా, సాధారణంగా దాని ద్వారా చేరేది తుది ఆకారం మాత్రమే. రంధ్రం ఒక గుండ్రని గోడగా అవతలికి చేరుతుంది. అది పలకకు సరిగ్గా నడుమ ఉండాలని రూపకర్త పెట్టిన నిబంధన మాత్రం ఇవతలే ఉండిపోతుంది.