నమ్మకాన్ని తూచే నిరీక్షణ

అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారాన్ని చూసేందుకు ఇచ్చే అర్హతను ‘సెక్యూరిటీ క్లియరెన్స్’ అంటారు. షరతులతో కూడిన ఉద్యోగ ప్రతిపాదన అందుకున్న అభ్యర్థి, వంద పేజీలు దాటిన ఎస్‌ఎఫ్‌-86 అనే పత్రంలో పదేళ్లుగా తానున్న ఇళ్లు, చేసిన కొలువులు, విదేశాల్లోని బంధువుల వివరాలు నింపి ఇచ్చాక, దర్యాప్తు అధికారులు ఇరుగుపొరుగువారినీ పాత యజమానులనూ విచారిస్తుండగా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఎదురుచూడవలసి వస్తుంది. ఆ దేశ పౌరసత్వం పొందిన తెలుగువారైతే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు కూడా అందులో రాయవలసిందే.

సీఐఏ, ఎన్‌ఎస్‌ఏ వంటి గూఢచార సంస్థలు దీనికి పాలిగ్రాఫ్ పరీక్షను జోడిస్తాయి. ఛాతీకీ పొట్టకీ చుట్టిన గొట్టాలు శ్వాసను, చేతికి కట్టిన పట్టీ రక్తపోటును, వేళ్లకు తగిలించిన చిన్న పలకలు చెమటను నమోదు చేస్తాయే గాని, అబద్ధాన్ని నేరుగా పట్టుకునే యంత్రమేదీ అక్కడ లేదు. బెదిరిన నిజాయితీపరుడి గుండె కూడా వేగంగానే కొట్టుకుంటుంది. సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ 1991లోనూ ఈ పరీక్షను గట్టెక్కాడు. ఉద్యోగుల వడపోతకు దీని కచ్చితత్వం చాలదని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో తేల్చి చెప్పింది. ఇంత బలహీనమైన సాధనానికి ఒక మనిషి భవిష్యత్తును అప్పగించడం న్యాయం కాదు.

ఫలితం ‘తేలలేదు’ అని వస్తే మళ్లీ పిలుపు కోసం నిరీక్షణే గనుక, తుది నియామకపత్రం చేతికందే వరకు అభ్యర్థులు ఉన్న ఉద్యోగాన్ని వదులుకోకూడదు.