మట్టిలోని లోహాన్ని పైరు మోసుకుపోగలదా?

గుంటూరు జిల్లా పెదకాకాని మండలంలో జాతీయ రహదారికి ఆనుకొని నల్లరేగడి చేలున్నాయి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. అంతకుముందు దశాబ్దాల తరబడి బండ్ల పొగతో రోడ్ల పక్కన పడిన సీసం మాత్రం ఎక్కడికీ పోదు. చాలా పురుగుమందులు ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు కొన్నాళ్లలో విరిగిపోతాయి. సీసం మూలకం కాబట్టి దాన్ని ఏ సూక్ష్మజీవీ విరగ్గొట్టలేదు. మట్టిలో పడిందంటే తరాలపాటు ఉండిపోవాల్సిందే, లేకపోతే ఎవరో ఒకరు బయటికి తీయాల్సిందే.

భార లోహాలు పొలంలోకి వచ్చే దారి పొగ ఒక్కటే కాదు. డీఏపీ, సూపర్ వంటి ఎరువులకు ముడిసరుకైన ఫాస్ఫేటు రాతిలో సహజంగానే కొంత కాడ్మియం ఉంటుంది. అందుకే ఐరోపా సమాఖ్య 2022 జులై నుంచి తమ ప్రమాణాల గుర్తుతో అమ్మే ఫాస్ఫేటు ఎరువుల్లో కిలో భాస్వరానికి (పి2ఓ5 లెక్కన) 60 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ కాడ్మియం ఉండకూడదని పరిమితి పెట్టింది. మిరప తెగుళ్లకు కొట్టే రాగి మందుల్లోని రాగి ఏటికేడు పైమట్టిలో పేరుకుంటుంది. మురుగునీటి సాగు, వేరు చేయని పట్టణ చెత్తతో చేసిన కంపోస్టు మరో రెండు దారులు. వినుకొండ దగ్గరి అగ్నిగుండాల ఖనిజ ప్రాంతంలోనైతే సీసం, రాగి భూమిలోనే ఉన్నాయి. బండ్లమోటు దగ్గర హిందుస్థాన్ జింక్ సంస్థ సీసపు గని నడిపింది.

ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరిన చోట పరిస్థితి ఇంకా తీవ్రం. హైదరాబాద్ చుట్టుపక్కల పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక వాడల మట్టిని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఆర్సెనిక్, క్రోమియం, సీసం వంటివి సహజ స్థాయిని మించి పేరుకున్నాయని ప్రచురించారు. అలాంటి చోట పైమట్టి తవ్వి వేరే చోటికి తరలించడం ఒక పద్ధతి. ఖర్చు కోట్లలో ఉంటుంది, పొలం సారం పోతుంది, తవ్విన మట్టిని ఎక్కడ పోయాలన్న సమస్య మిగులుతుంది.

మరి ఆ పని మొక్కలతో చేయించలేమా? మట్టిలోని లోహాన్ని వేళ్లతో పీల్చుకొని, కాడల్లో ఆకుల్లో దాచుకునే మొక్కను పెంచి, కోసి, పొలం దాటిస్తే సరిపోతుంది కదా అని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త రూఫస్ చేనీ 1983లో ప్రతిపాదించారు. దీన్నే ఫైటోరెమిడియేషన్ అంటున్నారు. అలాంటి మొక్కలు ప్రకృతిలో అప్పటికే ఉన్నాయి. పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవిలో పెరిగే ఒక చెట్టుకు గాటు పెడితే నీలి ఆకుపచ్చ పాలు కారతాయి. ఆ పాలను ఎండబెడితే మిగిలే పొడిలో పాతిక శాతం దాకా నికెలే. 2001లో ఫ్లోరిడాలో లీనా మా అనే శాస్త్రవేత్త బృందం ఆర్సెనిక్‌తో పాడైన స్థలంలో ఒక ఫెర్న్‌ను గుర్తించింది. దాని ఆకుల్లో ఎండు బరువులో రెండు శాతానికి పైగా ఆర్సెనిక్ పోగవగలదు. బోర్నియోలో దొరికిన మరో నికెల్ మొక్కకు చేనీ గౌరవార్థం ఫిలాంథస్ రూఫస్‌చేనీ అని పేరు పెట్టారు. అది మన ఉసిరి ప్రజాతికి చెందినదే.

మామూలు మొక్కకు ఇంత విషాన్ని తట్టుకునే శక్తి ఉండదు. ఈ మొక్కలు లోహాన్ని వేళ్ల దగ్గర ఆపకుండా వేగంగా పైకి పంపుతాయి. ఆకు కణాల్లోని రిక్తికలనే సంచుల్లో బంధించి, జీవక్రియలు జరిగే చోటికి రానివ్వవు.

అయితే ఈ అడవి మొక్కల్లో చాలా భాగం చిన్నవి, నెమ్మదిగా పెరిగేవి. లోహం శాతం ఎక్కువున్నా ఎకరాకు వచ్చే మొత్తం బరువు తక్కువ. అందుకే 1990లలో శాస్త్రవేత్తలు పంట మొక్కల వైపు చూశారు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఇల్యా రాస్కిన్ బృందం ఎంచుకున్నది మన వంటింట్లో పోపుకు వాడే ఆవాల మొక్కనే. అది వేగంగా పెరుగుతుంది, ఏపుగా వస్తుంది. సీసాన్ని మట్టి నుంచి విడదీయడానికి ఇ.డి.టి.ఎ. అనే రసాయనం కలిపితే మొక్కలోకి సీసం ఎక్కువగా చేరింది. కానీ విడిపోయిన సీసమంతా మొక్కే తీసుకోదు. మిగిలినది వాన నీటితో కిందికి దిగి బావులను చేరే ప్రమాదముంది. మట్టిని బాగుచేయబోయి నీటిని పాడుచేసే పద్ధతి పొలానికి పనికిరాదు.

పొద్దుతిరుగుడు అనుభవం మరో పాఠం. 1994లో చెర్నోబిల్ సమీపంలోని చెరువులో తెప్పల మీద పొద్దుతిరుగుడు పెంచి, నీటిలోని అణుధార్మిక సీజియం, స్ట్రాంషియంలను వేళ్లతో పీల్పించారు. ఆ నమ్మకంతోనే 2011 అణు ప్రమాదం తర్వాత జపాన్‌లోని ఫుకుషిమా పొలాల్లోనూ పొద్దుతిరుగుడు వేశారు. మట్టిలోని సీజియంలో సుమారు రెండు వేలవ వంతు మాత్రమే మొక్కలోకి వచ్చిందని ఆ దేశ వ్యవసాయ శాఖ తేల్చింది. మొక్క అదే అయినా, నీటిలో కరిగి ఉన్న లోహం వేరు, బంకమట్టి పట్టుకున్న లోహం వేరు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. ఒక ఎకరంలో ఆరంగుళాల లోతు పైమట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. కిలో మట్టిలో సీసం ఉండాల్సిన దానికన్నా 100 మిల్లీగ్రాములు ఎక్కువుందనుకుందాం. అంటే ఎకరంలో తీయాల్సిన సీసం 90 కిలోలు. ఎకరాకు రెండు టన్నుల ఎండు మొక్క వచ్చి, కిలో మొక్కలో 200 మిల్లీగ్రాముల సీసం చేరితే, ఒక పంట బయటికి తీసేది 400 గ్రాములు. ఏటా ఒక పంట వేస్తే 225 ఏళ్లు పడుతుంది. సీసంతో పాడైన పొలాన్ని రెండు పంటల్లో శుభ్రం చేస్తామని ఎవరైనా చెబితే రైతు ముందుగా ఈ లెక్క అడగాలి.

కాడ్మియం విషయంలో మాత్రం లెక్క మారుతుంది. అది సీసం కన్నా తేలిగ్గా మొక్కలోకి చేరుతుంది, తీయాల్సిన పరిమాణమూ తక్కువ. జపాన్‌లో జింజూ నది ఒడ్డున గని వ్యర్థాల కాడ్మియం వరి పొలాల్లో చేరి, ఆ బియ్యం తిన్నవారికి ఎముకలు గుల్లబారే ఇటాయ్ ఇటాయ్ వ్యాధి వచ్చింది. గనే కారణమని 1968లో ప్రభుత్వం ఒప్పుకుంది. అక్కడి పొలాల్లో మట్టి మార్చే పని మూడు దశాబ్దాలకు పైగా సాగి 2012లో ముగిసింది. ఆ కష్టం చూసిన దేశంలోనే శాస్త్రవేత్తలు వరితో వరి పొలాన్ని శుద్ధి చేయాలని ప్రయత్నించారు. కాడ్మియాన్ని బాగా పీల్చే చోకోకోకు అనే వరి రకాన్ని రెండేళ్లు నీరు పెట్టకుండా పండించారు. హెక్టారుకు 883 గ్రాముల కాడ్మియం బయటికి వచ్చింది, మట్టిలోని కాడ్మియం 38 శాతం తగ్గింది. తర్వాత వేసిన తిండి వరి గింజల్లో కాడ్మియం 47 శాతం తగ్గినట్టు 2009లో ప్రచురించారు.

నీరు పెట్టకపోవడంలోనే కీలకం ఉంది. మడిలో నీరు నిలిస్తే కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలోకి పోతుంది, ఆరబెడితే కరిగి వేరుకు అందుతుంది. ఆర్సెనిక్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. నీరు నిలిస్తేనే అది గింజలోకి ఎక్కువగా వస్తుంది.

గుంటూరు, ప్రకాశం నేలల్లో నల్లరేగడి సంగతి వేరుగా చెప్పుకోవాలి. బంకపాలు, సున్నం, క్షారగుణం ఎక్కువగా ఉన్న ఈ మట్టి లోహాలను గట్టిగా పట్టుకుంటుంది. పంటలోకి విషం తక్కువగా వెళ్లడం తినేవాడికి మేలు. కానీ ఆ పట్టే లోహాన్ని బయటికి తీయడాన్ని కష్టం చేస్తుంది. కాబట్టి ఇలాంటి చోట్ల తీసేయడం కన్నా, ఉన్న చోటే కట్టిపడేసి, నోటికి చేరని పంట పండించడం మేలైన దారి.

ఈ దారిలో గట్టి పని చేసిన తెలుగు శాస్త్రవేత్త ఒకరున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన మాజేటి నరసింహ వరప్రసాద్, లోహాలు పోగుచేసే మొక్కల మీద 2003లో పోర్చుగల్ శాస్త్రవేత్త హెలెనా ఫ్రీటాస్‌తో కలిసి రాసిన సమీక్ష ప్రపంచమంతటా పరిశోధకులకు తెలుసు. ఆముదం పంటను మట్టి శుద్ధికి, నూనెకు కలిపి వాడుకోవచ్చని 2017లో మరో వ్యాసంలో వివరించారు. ఆముదం కరువును తట్టుకుంటుంది, పాడైన నేలలోనూ పెరుగుతుంది, నూనె సాధారణంగా వంటకు వాడరు. మొక్క తీసుకున్న సీసంలో ఎక్కువ భాగం వేళ్లలోనే ఉండిపోతుంది; పైగా పైరు భూమికి కప్పుగా నిలిచి దుమ్ము లేవకుండా, కోతకు గురి కాకుండా కాపాడుతుంది.

పత్తి, గోగునార కూడా ఇలా ఆలోచించదగ్గ పంటలే. దూది తినే వస్తువు కాదు. అయితే పత్తి గింజల నూనె వంటింటికి, చెక్క గేదెల దాణాకు వెళతాయి. పాడైన నేలలో పత్తి వేస్తే ఆ రెండింటినీ పరీక్షించాల్సిందే. ఆకుకూరలు అసలే వద్దు. తోటకూర, గోంగూర, పాలకూర వంటివి కాయల కన్నా ఎక్కువ లోహాన్ని ఆకుల్లో చేర్చుకుంటాయి.

గుంటూరు, ప్రకాశం నేలల్లోనే కాడ్మియాన్ని బాగా పీల్చే మరో పంట ఉంది, అది పొగాకు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. పొగాకు ఆకులోకి కాడ్మియం వేగంగా చేరుతుంది. అందుకే దాన్ని మట్టి శుద్ధికి వాడాలని స్విట్జర్లాండ్‌లో ప్రయోగాలు జరిగాయి. ఆ ఆకును కాల్చి పీల్చేవారి ఒంట్లోకి కూడా కాడ్మియం చేరుతుంది. పొగతాగేవారికి కాడ్మియం అందే ముఖ్యమైన మార్గాల్లో అదొకటి.

కోసిన పంటను ఏం చేయాలన్నది చివరి చిక్కు. లోహం మాయం కాలేదు, మట్టిలోంచి మొక్కలోకి మారింది. దాన్ని చేలోనే తగలబెడితే బూడిదతో తిరిగి మట్టిలోనే పడుతుంది, పొయ్యిలో పెడితే ఇంటి పొగలో కలుస్తుంది. పశువులకు వేస్తే పాలల్లోకి రావచ్చు. కాబట్టి పారిశ్రామిక వ్యర్థంలా వేరుగా చేర్చి, పొగను వడగట్టే ఏర్పాటున్న కొలిమిలోనే కాల్చాలి. ఈ ఖర్చంతా లెక్కలో చేర్చకుండా మొక్కల శుద్ధి చౌక అని చెప్పడం పొరపాటు.

ఇన్నిటికీ ముందు మట్టిలో ఏముందో తెలియాలి. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో 12 అంశాలు పరీక్షిస్తారు. జింకు, రాగి, ఇనుము, మాంగనీసు ఆ జాబితాలో ఉన్నాయి, కానీ సీసం, కాడ్మియం లేవు. ప్రతి పొలానికీ ఆ పరీక్ష అక్కర్లేదు. రహదారి పక్కన, మురుగు నీటి కాలువల కింద, ఫ్యాక్టరీల చుట్టుపక్కల, పాత గనుల దిగువన ఉన్న పొలాలకు మాత్రం చేయాలి. లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, పెదకాకాని మండలంలోనే ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఈ పని చేపట్టడానికి తగిన చోట్లు. రైతు సంఘాలూ పంచాయతీలూ గ్రామసభల్లో ఈ పరీక్ష కోసం తీర్మానం చేసి పట్టుబట్టాలి. ఏ పొలంలో ఏ లోహం ఎంత ఉందో తేలితేనే, ఆ పొలంలో ఏ పంట వేయాలో, ఏది వేయకూడదో రైతుకు నిర్ణయం చేతికొస్తుంది.