అమ్మ కంగారులో మన వాటా



ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే మన కాలనీల్లో పెద్దవాళ్లు ఎదురుపడగానే అడిగే మాట ఒకటుంది: "ఆర్డర్ వచ్చిందా?" అది వచ్చిన రోజు నుంచి సామాను లారీ ఎక్కేవరకు ఇంట్లో అమ్మ తీరు కాస్త మారుతుంది. చిన్న మాటకే విసుక్కుంటుంది. తాళం వేశానో లేదో అని మెట్లు దిగాక మళ్లీ వెనక్కి వస్తుంది. అర్ధరాత్రి లేచి బీరువాలో కాగితాలు సరిచూసుకుంటుంది. "అమ్మకి నా మీద కోపం వచ్చింది" అని మీలో చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది కోపం కాదు, ఆందోళన. అదెలా పుడుతుందో, ఎలా తగ్గుతుందో తెలుసుకుంటే అమ్మకీ మీకూ మేలు.

ఆందోళన అంటే ఏమిటి?

భయం, ఆందోళన దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కావు. దారిలో పాము కనిపిస్తే కలిగేది భయం. "కొత్త ఊళ్లో క్వార్టర్ దొరక్కపోతే? పిల్లలకి అక్కడి నీళ్లు పడకపోతే?" అనిపించడం ఆందోళన. ఒకటి ఎదుట ఉన్నదాని గురించి, రెండోది ఇంకా జరగనిదాని గురించి. అయినా శరీరం రెండింటికీ దాదాపు ఒకేలా స్పందిస్తుంది.

మన మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. బాదంగింజ ఆకారంలో ఉంటుంది. ప్రమాదం ఉందని పసిగట్టడంలో దీనిది ముఖ్యమైన పాత్ర. ఇక్కడి నుంచి హెచ్చరిక వెళ్లగానే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరచేతులకు చెమట పడుతుంది. ఎదిరించడానికో, పారిపోవడానికో శరీరం సిద్ధపడుతుందన్నమాట. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ సుమారు 100 ఏళ్ల క్రితమే దీన్ని వివరించాడు.

పాము పొదలోకి వెళ్లిపోతే కాసేపటికి గుండె కుదుటపడుతుంది. బదిలీ పనులు అలా వెళ్లిపోయేవి కావు, నెలా రెండు నెలలు సాగుతాయి. అన్ని రోజులూ శరీరం అప్రమత్తంగానే ఉంటే నిద్ర పట్టదు, ఆకలి తగ్గుతుంది, తలనొప్పి, చిరాకు వస్తాయి. వంటింట్లోకి వెళ్లి "ఎందుకొచ్చానబ్బా?" అని అమ్మ నిలబడిపోవడం మీరు చూసే ఉంటారు.

అమ్మకే ఎక్కువ ఎందుకు?

ఇంట్లో పని రెండు రకాలు. ఒకటి చేసే పని, రెండోది గుర్తుపెట్టుకునే పని. అట్టపెట్టెలకు టేపు వేయడం చేసే పని. గ్యాస్ కనెక్షన్ ఎప్పుడు అప్పజెప్పాలి, చిన్నవాడి టీకా కార్డు ఏ ఫైల్లో ఉంది, అక్కకి ప్రాక్టికల్స్ ఎప్పుడు, నానమ్మ మందులు ఎన్ని రోజులకు ఉన్నాయి, పాలవాడికి లెక్క ఎంత తేలాలి? ఇవన్నీ గుర్తుపెట్టుకునే పని. చాలా ఇళ్లలో ఇది ఒక్క తలలోనే ఉంటుంది, అది అమ్మ తల. నాన్న ముందుగా కొత్త ఊళ్లో చేరిపోయి, మీ పరీక్షలయ్యేదాకా అమ్మ ఒక్కతే ఇక్కడ ఉండిపోతే బరువు మరీ పెరుగుతుంది. అమ్మకీ ఉద్యోగం ఉంటే ఆఫీసు పని దానికి అదనం.

భారత ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనిలో పాల్గొనే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పాల్గొనే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. గిన్నెలు తోముతూ రేపటి పనులు లెక్కవేసుకోవడం ఈ నిమిషాల్లో విడిగా కనిపించదు.

తగ్గించుకునే దారులు

కాగితం మీద పెట్టడం: మనసు ఒకేసారి కొద్ది విషయాలనే పట్టుకోగలదు. మిగతావి జారిపోతాయేమోనన్న బెంగే సగం ఆందోళన. పని, ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి అని మూడు గడులు గీసి, కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. నా ఉద్యోగంలో ఇది ఐదో ఊరు. బదిలీ పనులకని ఒకే నోటుపుస్తకం వాడుతున్నాను. పాత ఊరి జాబితాలో సగం కొత్త ఊరికీ పనికొస్తుంది.

నెమ్మదిగా ఊపిరి వదలడం: గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. అందుకే నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలితే శరీరం కుదుటపడుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. బస్సులోనైనా చేయవచ్చు.

కాఫీ, టీ: అలసట తీరడానికని తాగే నాలుగో కప్పు గుండెదడను పెంచుతుంది. కాఫీలోని కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం తాగితే నిద్ర చెడుతుంది.

నడక: అడ్రినలిన్ శరీరాన్ని కదలడానికి సిద్ధం చేస్తుంది కదా, కాబట్టి కదలడమే మంచిది. అరగంట నడిస్తే బిగుసుకున్న కండరాలు సడలుతాయి. భోజనమయ్యాక "పద అమ్మా, కాలనీ చుట్టూ తిరిగొద్దాం" అనండి.

మీ వాటా

"నేనేమైనా చేయనా అమ్మా?" అని అడగడం మంచిదే. కానీ మీకు ఏ పని చెప్పాలో ఆలోచించడం కూడా అమ్మకి ఇంకో పనే. దానికంటే ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా తీసుకోండి. ఎనిమిదో తరగతి దాటినవాళ్లు తమ టీసీ పని తీసుకోవచ్చు. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడం, నో డ్యూస్ మీద సంతకాలు చేయించడం, దరఖాస్తు మీద నాన్న సంతకం ఎప్పుడు కావాలో గుర్తుపెట్టుకుని అడగడం మీదే. చిన్న తరగతులవాళ్లు తమ పుస్తకాల పెట్టె సర్ది, పైన పేరు రాయవచ్చు. అక్కలకీ చెల్లెళ్లకీ ఎంత వాటానో అన్నలకీ తమ్ముళ్లకీ అంతే.

"ఊరికే కంగారుపడకు" అని మాత్రం అనకండి. ఆ మాటతో ఎవరి కంగారూ తగ్గదు. "గ్యాస్ ఆఫీసుకి నేనూ నాన్నా వెళ్లొచ్చాం, రసీదు ఫైల్లో పెట్టాను" అంటే తగ్గుతుంది.

ఎప్పుడు వైద్యుల సాయం కావాలి?

సామాను సర్దుకుని, కొత్త ఇంట్లో కుదురుకున్నాక కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి ఊపిరాడనట్టు అనిపించడం, రోజువారీ పనులు చేయలేకపోవడం ఉంటే వైద్యులను కలవాలి. జ్వరానికి మందు తీసుకున్నట్టే దీనికీ చికిత్స ఉంది, సిగ్గుపడేదేమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 24 గంటలూ పనిచేస్తుంది. అస్సాంలో ఉన్నా, రాజస్థాన్‌లో ఉన్నా తెలుగులో మాట్లాడే వీలుంది. మన మాట వినే మనిషి చుట్టుపక్కల లేని ఊళ్లో అది పెద్ద ఆసరా.

స్నేహితులను వదిలి వెళ్లే బెంగ మీకూ ఉంటుంది. దాన్ని దాచుకోకుండా అమ్మతో చెప్పండి. పిల్లల మనసులో ఏముందో తెలియకపోవడం కూడా అమ్మ కంగారుకు ఒక కారణమే. ఈసారి ఆర్డర్ వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గరే కాగితం తీసి మూడు గడులు గీయండి. "ఎవరు" అన్న గడిలో ముందు మీ పేరు రాసుకోండి.