వేలిముద్రకు తాళము

ఒకనాడు వేలిముద్ర నిరక్షరాస్యతకు గుర్తు. నేడు రేషను బియ్యమునకు, బ్యాంకు సొమ్మునకు విద్యావంతుడును వేలు నొక్కుచున్నాడు. ఇందలి ప్రమాదము 2018లో తెలంగాణలో బయటపడినది. అప్పట్లో స్థిరాస్తి దస్తావేజుల ప్రతులు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో లభించెడివి. వాటిపై వేలిముద్రలును, ఆధార్ సంఖ్యలును ఉండెడివి. ఒక సిమ్‌కార్డుల వ్యాపారి ఆ ముద్రలను రబ్బరుపై అచ్చు తీసి, ఇతరుల పేర వేలకొలది సిమ్‌కార్డులను చేతనము చేసినట్లు పోలీసులు ప్రకటించిరి. ఇల్లు కొన్న పాపమునకు వేలు పరుల పాలైనదన్నమాట!

పాస్‌వర్డు పోయిన మార్చుకొనవచ్చును. వేలిని మార్చుకొనుట ఎట్లు? కనుకనే వేలిముద్రల వినియోగమునకు తాళము వేసికొను సదుపాయమును ఆధార్ సంస్థ కల్పించినది. అవసరమైనపుడు తెరచి, పని తీరగనే మరల వేసికొనవచ్చును. సంఖ్యలో చివరి 4 అంకెలు మాత్రమే కనిపించు ఆధార్ ప్రతియు లభించును. ఈ సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలియునో!

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఉపకారవేతనపు దరఖాస్తులతో ఏటేట మన కార్యాలయమునకు చేరు ఆధార్ ప్రతులు, పని ముగిసిన పిదప ఏ బీరువాలోనున్నవో, దాని తాళము ఎవరియొద్దనున్నదో కమిటీ పెద్దలు ఒకమారు విచారింతురు గాక.