పొలానికి అడంగల్, పైలట్‌కు లాగ్‌బుక్

కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటర్ ఎం.పి.సి. పాసయిన పిల్లవాడు ఇంజనీరింగ్ సీటు కోసం పరుగెత్తడం మామూలు. ఇటీవల కొందరి చూపు ఆకాశం వైపు మళ్లింది. అందుకు కారణాలు లేకపోలేదు. కడప విమానాశ్రయం 2015 జూన్ 7న తిరిగి ప్రారంభమైంది. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న దేశంలో మొట్టమొదట ఎగిరిన విమానాలలో కడప - హైదరాబాద్ సర్వీసు ఒకటి. కర్నూలు చెంత ఓర్వకల్లు రాతినేలలో వెలసిన విమానాశ్రయం నుంచి 2021 మార్చి 28న ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. పైలట్ శిక్షణ సంస్థలకు చోటు కల్పించేందుకు 2022లో ఎంపికైన ఐదు విమానాశ్రయాల జాబితాలో కడప చేరింది. ఒకప్పుడు విమానం నేర్వాలంటే బేగంపేట అకాడమీ మాటే వినిపించేది.

అయితే రన్‌వే ఊరి పక్కకు వచ్చినంత మాత్రాన ఉద్యోగం ఇంటికి నడిచి రాదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు అరకోటి రూపాయల వరకు, ఒక్కోచోట అంతకు మించి ఖర్చవుతుంది. ఆపైన ఒక ఫలానా రకం పెద్ద విమానం నడిపేందుకు 'టైప్ రేటింగ్' శిక్షణకు మరికొన్ని లక్షలు కావాలి. వర్షాన్ని నమ్ముకొని వేరుశనగ, శనగ వేసే కుటుంబానికి ఇది భూమి అమ్మితే గాని తేలే లెక్క కాదు. అందుకే అడుగు వేయక ముందే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

గిరాకీ ఉంది, హామీ లేదు

పైలట్లకు గిరాకీ పెరిగిన మాట నిజం. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డరు పెట్టాయి. పైలట్ల విశ్రాంతి వేళలపై కొత్త నిబంధనలు పూర్తిగా అమలుకు వచ్చాక, తగినంత మంది సిబ్బందిని సర్దుకోలేక 2025 డిసెంబరు తొలివారంలో ఇండిగో విమానాలు వందలాదిగా రద్దయ్యాయి. పైలట్ల అవసరం ఎంతటిదో ఆ వారం దేశానికంతటికీ తెలిసి వచ్చింది.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2023లో ఒక్క ఏడాదే దేశంలో 1,622 కమర్షియల్ లైసెన్సులు జారీ అయ్యాయి. లైసెన్సు చేతికొచ్చిన వారందరికీ వెంటనే విమానం చేతికి రాదు. కంపెనీల సంగతీ అంతే. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో నిలిచిపోయాయి. కడపకు తొలి ఉడాన్ విమానం నడిపిన ట్రూజెట్ సైతం 2022లో ఆగిపోయింది. కంపెనీ మూతపడినా పైలట్ చేతిలో మిగిలేవి రెండే: లైసెన్సు, దాని వెనుక ఉన్న లాగ్‌బుక్.

భూమి బేరానికి ముందే వైద్య పరీక్ష

వయసు 18 నిండి, ఫిజిక్స్, మేథమేటిక్స్‌తో ఇంటర్ పాసై ఉండాలి. బైపిసి చదివినవారు ఓపెన్ స్కూల్ ద్వారా మేథమేటిక్స్ పూర్తి చేసుకోవచ్చు. మొదట క్లాస్-2, తరువాత క్లాస్-1 వైద్య పరీక్షలో నెగ్గాలి. బెంగళూరులోని వైమానిక దళ వైద్య సంస్థ సీమవాసులకు దగ్గరి కేంద్రాలలో ఒకటి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హత కాదు. రంగులు గుర్తించలేని లోపం ఉంటే మాత్రం దారి మూసుకుపోవచ్చు. ఫీజు కట్టాక ఆ లోపం బయటపడితే నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకో చిక్కు పేరుతో వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో పేరు ముందు 'చిన్న' లేక 'పెద్ద' ఎగిరిపోవడం ఇక్కడ ఇంటింటి భాగోతమే. పరీక్షలకు కంప్యూటర్ నంబరు తీసుకునే దశలోనే మార్కుల పత్రాలను పరిశీలిస్తారు. పేర్లన్నీ ఒక్క తీరుగా ఉండేటట్లు ముందే సరిచేయించుకోవడం మేలు.

200 గంటల లెక్క

లైసెన్సుకు దరఖాస్తు చేసే నాటికి, గడచిన ఐదేళ్లలో కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు తానే బాధ్యత వహించే పైలట్‌గా నడపాలి. వాటిలో 15 గంటలు చివరి ఆరు నెలల్లోవి కావాలి. ఊరు దాటి ఊరు వెళ్లే క్రాస్ కంట్రీ ప్రయాణం 20 గంటలు, పరికరాల ఆధారంగా నడిపినది 10 గంటలు, రాత్రివేళ 5 గంటలు ఉండాలి. రాత్రి గంటల్లో కనీసం పదిసార్లు లేచి, పదిసార్లు దిగాలి.

క్రాస్ కంట్రీలో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 555 కిలోమీటర్లకు తగ్గరాదు. దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాలలో పూర్తిగా దిగి ఆగాలి. ఆకాశమార్గాన కడప, ఓర్వకల్లు మధ్య దూరం సుమారు 150 కిలోమీటర్లు. రెండుసార్లు పోయి వచ్చినా 600 దాకానే అవుతుందంటే ఆ ప్రయాణం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. రాత్రి ఒంటరిగా నడిపిన గంట 'రాత్రి' గడిలోనూ పడుతుంది, 'బాధ్యత గల పైలట్' గడిలోనూ పడుతుంది. మొత్తంలో మాత్రం అది ఒక్క గంటే. వేరుశనగ చేనులో కంది సాళ్లు వేస్తే అడంగల్‌లో రెండు పంటల పేర్లు పడతాయి. ఎకరాలు పెరగవు కదా!

సమయం రాయడంలోనూ జాగ్రత్త కావాలి. విమానయానంలో వాడేది ప్రపంచ సమయం. మన గడియారానికి అది ఐదున్నర గంటలు వెనుక. ఇక్కడ వేకువన 5 గంటలైతే అక్కడ ముందురోజు రాత్రి 11.30. తేదీయే మారిపోతుంది.

దిద్దిన గీత, దాచిన గంట

ఏ పూట ఎగిరినది ఆ పూటే సిరాతో రాయాలి. తేదీ, విమానం రకం, రిజిస్ట్రేషన్ గుర్తు, బయలుదేరిన చోటు, దిగిన చోటు, సమయం, పక్కన శిక్షకుడున్నదీ లేనిదీ స్పష్టంగా ఉండాలి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరిరాసి సంతకం పెట్టించాలి. తెల్ల రంగు పూసి దిద్దరాదు. పేజీ చివర మొత్తాన్ని ఆ రోజే సరిచూసుకొని శిక్షకుడి సంతకం తీసుకోవాలి. ఏడాది తరువాత వెళితే ఆ శిక్షకుడు అక్కడ ఉంటాడన్న నమ్మకం లేదు. చివరి పద్దు తరువాత ఐదేళ్ల పాటు పుస్తకాన్ని భద్రపరచాలని నియమం. కాగితపు పుస్తకంతో పాటు ఇ-జి.సి.ఎ. వెబ్‌సైటులోని ఇ-లాగ్‌బుక్‌లోనూ పద్దులు నమోదు కావాలి. రెంటికీ పొంతన తప్పరాదు.

ఎగరని గంటలు రాయించుకుందామన్న ఆలోచన దరికి రానీయరాదు. ప్రతి విమానానికీ తన రికార్డు తనకు ఉంటుంది. మరమ్మతు షెడ్డులో ఉన్న విమానాన్ని అదే రోజు గాలిలో నడిపినట్లు రాస్తే తనిఖీలో దొరికిపోక తప్పదు. 2011లో దొంగ మార్కుల పత్రాలు, దొంగ గంటలు బయటపడి అరెస్టులు జరిగాయి; దేశమంతటా లైసెన్సులను తిరగదోడి పరిశీలించారు. అన్నిటికీ మించి, రాతలో ఉండి చేతిలో లేని అనుభవం వెనుక కూర్చున్న ప్రయాణికుల ప్రాణాల మీదికి తెస్తుంది.

శిక్షణ సంస్థను ఎంచుకునే ముందు ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, ఎందరు శిక్షకులున్నారో, నెలకు ఎన్ని గంటలు దొరుకుతాయో అక్కడి విద్యార్థులనే అడగాలి. డి.జి.సి.ఎ. 2025 అక్టోబరులో తొలిసారి శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటించింది; వాటినీ చూడాలి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా, ఎగిరిన గంటలను బట్టి విడతలుగా చెల్లించే ఒప్పందం కుదిరితే మంచిది.

కరణాల కాలం నుంచీ సీమ రైతుకు ఒక సంగతి తెలుసు. చేను ఎంత బాగున్నా కాగితం సరిగా లేకుంటే బ్యాంకు మెట్టు ఎక్కనీయదు. ఆ చేనే అమ్మి బిడ్డను ఆకాశానికి పంపే తండ్రి, నెలకొకసారైనా ఆ పుస్తకం తెప్పించుకొని చూడడం మంచిది. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఎన్ని గంటలకు డబ్బు కట్టాడో, పుస్తకంలో ఎన్ని గంటలు చేరాయో సరిచూసుకోవడానికి అంకెలు వస్తే చాలు.