కల్లైనా, ఇంటి బీరైనా డాక్టరుకు చెప్పండి

"మందు తాగుతారా?" అని ఓపీలో అడిగితే చాలామంది "లేదండీ" అంటారు. "మరి కల్లు?" అని మళ్ళీ అడిగితే, "అది మందేంటండీ, చెట్టుది కదా!" అని నవ్వుతారు. ఇంకో మాట కూడా వింటుంటాము: బీరు ఇంట్లోనే కొద్దికొద్దిగా చేసుకుంటే కల్తీ ఉండదు కదా, ఒంటికి మంచిదే కదా అని. కుండలో జరిగేదేమిటో తెలిస్తే జవాబు మీకే తెలుస్తుంది.

బీరు కోసం బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి, ఆరబెడతారు. మొలకలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి నీటిని హాప్స్ అనే చేదు పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, గ్యాసును వదులుతుంది. గింజను మాడేలా వేయిస్తే నల్లటి స్టౌట్ వస్తుంది. కాస్త వెచ్చగా, త్వరగా పులిసేది ఏల్. చల్లగా, నిదానంగా పులిసేది లాగర్. రకం ఏదైనా అందులో ఉండేది ఆల్కహాలే.

మన తాటి, ఈత చెట్ల కింద, పాడేరు, అరకు వైపు జీలుగు చెట్ల కింద జరిగేదీ ఇదే. గీసిన చోటు నుండి కారే నీరు ముంత దించేలోపే పులియడం మొదలవుతుంది. ముంత లోపల సున్నం పూస్తేనే తీపి నీరాగా నిలుస్తుంది. సాయంత్రానికి కల్లు కూడా ఇంచుమించు బీరంత ఘాటెక్కుతుంది. కోరాపుట్ కొండల్లో చేసే లందా కూడా ఈ కోవలోదే.

650 మి.లీ. బీరు సీసాలో 5 శాతం ఆల్కహాలు ఉంటే అది 26 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 41 గ్రాములు. ఇంట్లో చేసినదానికి లేబులుండదు, ఎంత తాగుతున్నారో తెలియదు. పులియడం పూర్తికాకముందే మూత బిగిస్తే గ్యాసు పేరుకుని సీసా పేలుతుంది, గాజుముక్కలు కంట్లో పడవచ్చు. పైగా లైసెన్సు లేకుండా చేయడం 1968 నాటి ఎక్సైజు చట్టం కింద నేరం.

మామూలుగా పులిసిన కల్లులో, బీరులో మిథైల్ ఆల్కహాలు ప్రాణం తీసేంత ఉండదు. ఫ్యాక్టరీలలో వాడే స్పిరిట్ కలిపిన సారాతోనే ఆ ముప్పు. తాగిన కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాటికి, కడుపునొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఆయాసం వస్తాయి. "దిగిపోతుందిలే" అని పడుకోబెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. సమయానికి తెస్తే విరుగుడు మందు, డయాలసిస్ ఉన్నాయి. ఆలస్యమైతే చూపు తిరిగి రాకపోవచ్చు.

కల్తీ కల్లు సంగతి వేరు. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. రోజూ ఇలాంటి కల్లు తాగే మనిషి, ఆ సంగతి చెప్పకుండా ఆపరేషనుకు చేరాడనుకోండి. రెండో మూడో రోజున చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేని మనుషులు కనిపిస్తారు, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు. గాలీ కాదు, ధూళీ కాదు, అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగిపోవడం. ముందే తెలిస్తే తగిన మందులిచ్చి దీన్ని చాలావరకు ఆపగలము.

బీరు కిడ్నీ రాళ్ళను కరిగించదు. ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర, పోర్టులో ఎండకు పనిచేసి వచ్చినవారికి అది చలువా కాదు. మూత్రం ఎక్కువగా పోయి ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది. మజ్జిగో, చోడి అంబలో మేలు. అంబలి కూడా పులిసినదే అయినా, ఒక రాత్రి పులియబెట్టినదానిలో ఆల్కహాలు లెక్కలోకి రానంత తక్కువ. టీబీ మాత్రలు వాడేవారికి మద్యంతో కాలేయం దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపున తాగితే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. గర్భిణులు ఏ రకమూ ముట్టకూడదు.

ఆసుపత్రిలో చేరేటప్పుడు ఏది తాగుతారు, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు అనే మూడు సంగతులు చెప్పండి. ఇంటివారి ఎదుట చెప్పడానికి మొహమాటమైతే, వారిని కాసేపు బయట కూర్చోమని మేమే చెబుతాము.